అడగకుండా పూసిన గోడ

భూమయ్యకు కృతజ్ఞత ఒక జబ్బు. మాట కొంచెం కటువే కానీ, ఒమన్‌లో ఈ రుసైల్ లేబర్ క్యాంపులో ఆయన పక్క మంచం మీద నాలుగేళ్లుగా పడుకుంటున్నవాణ్ణి, అనే హక్కు నాకుంది. పొద్దున బస్సు టైముకు వస్తే డ్రైవరు సల్లగుండాలె అంటాడు. అరగంట లేటుగా వస్తే, వచ్చింది కదా తమ్మీ, సల్లగుండాలె అంటాడు. మెస్సులో పప్పు మాడినా అదే దీవెన. మా కడప మనుషులకు అంత ఓపిక ఉండదు. పప్పు మాడితే మేము వంటవాడి ఏడు తరాలనూ నిద్ర లేపుతాం.

నా పేరు గురవయ్య. పాత కట్టడాలు బాగుచేసే కంపెనీలో స్టోర్‌కీపర్‌ని. భూమయ్యది జగిత్యాల జిల్లా, మెట్‌పల్లి పక్కన ఒక పల్లె. ఒమన్ వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఇబ్రాలో పైపుల కోసం కాలువలు తవ్వాడు, సీబ్‌లో విల్లాలకు బ్లాకులు మోశాడు, తర్వాత మా యార్డుకు వచ్చి సిమెంటు బస్తాలు దించాడు. ఏ కంపెనీలో ఉన్నా హెల్పరే. తనకు వేరే పని తెలుసని ఆయన ఎవరికీ చెప్పుకోలేదు, ఎవరూ అడగలేదు.

నిజానికి వాళ్లది సున్నం మేస్త్రీల ఇల్లు. తండ్రి ఆ చుట్టుపక్కల దొరల గడీలకు గచ్చు పూసినవాడు. డంగు సున్నం అంటారు వాళ్లు. సున్నాన్నీ ఇసుకనూ రాతి గానుగలో నూరి, కరక్కాయలు నానిన నీళ్లూ బెల్లం నీళ్లూ పోసి, వెన్నలా అయ్యేదాకా మగ్గబెట్టి గోడకు పూస్తారు. భూమయ్య పదహారేళ్లకే తాపీ పట్టాడు. ఇరవై దాటేసరికి ఊళ్లో అందరూ సిమెంటుకు తిరిగారు, గానుగ ఆగిపోయింది. ఈ సంగతి నాకు చెప్పినప్పుడు కూడా ఆయన సిమెంటును ఒక్క మాట అనలేదు. నేనే తిట్టాను.

పోయిన శీతాకాలంలో మా కంపెనీకి ఒక పాత బురుజు పని దొరికింది. మస్కట్‌కు ఇవతల, సముద్రం ఒడ్డున, గుట్ట మీద ఉంటుంది. పేరు చెప్పను, చెప్తే కంపెనీ నన్ను ఊరుకోదు. పోర్చుగీసువాళ్ల కాలంలో లేచిన బురుజట, వాళ్లు పోయాక ఒమనీలు ఎన్నోసార్లు బాగుచేసుకున్నారట. దాని పూత సిమెంటు కాదు, సారూజ్. అంటే ఇక్కడి గచ్చు. మట్టిని కాల్చి, పొడిచేసి, సున్నంతో కలిపి పూస్తారు. భూమయ్య అక్కడికీ నీళ్లు మోసే హెల్పరుగానే వచ్చాడు.

సైటు ఇంజనీరు నాదియా, ఒమనీ అమ్మాయి, ముప్పై ఏళ్లుంటాయి. వాళ్లింట్లో బలూచీ మాట్లాడతారు కాబట్టి ఉర్దూ ఆమెకు మాకంటే బాగా వచ్చు. మాతో అందులోనే మాట్లాడేది. మొదట సిమెంటు మేస్త్రీలు పూసిన సారూజ్ మూడో రోజుకే నెర్రెలిచ్చింది. ఫోర్‌మన్ ఇక్బాల్ ఎండను తిట్టాడు, మట్టిని తిట్టాడు. భూమయ్య మాత్రం నీళ్ల డబ్బా కింద పెట్టి, కలిపిన ముద్దలోంచి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. చాచా, అది తినేది కాదు అంది నాదియా. సున్నం ఇంకా మండుతోంది మేడం, మరో నాలుగు రోజులు నీళ్లలో నానాలి అన్నాడాయన. ఆమె నవ్వలేదు. నాలుగు రోజులు ఆగి, ఆ సున్నంతోనే మళ్లీ కలిపించి, తాపీ తెచ్చి ఆయన చేతికిచ్చింది.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి ఫోన్ చేసి భార్య సత్తవ్వకు ఈ సంగతి చెప్తుంటే నేను పక్కనే ఉన్నాను. జీతం పెరిగిందా అని ఆమె అడగలేదు. మీ నాయిన ఉండి చూస్తే బాగుండు అందట. ఫోన్ పెట్టేసి భూమయ్య చాలాసేపు తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. నాకు ఎగతాళి చేయబుద్ధి కాలేదు.

అయితే తాపీ ఊరికే దక్కలేదు, దానికి ఒక పరీక్ష ఉంది. బురుజు ఉత్తరం వైపు రెండు మీటర్ల మేర నమూనాగా పూయాలి. పాత కట్టడాల ఆఫీసు నుంచి ఒక పెద్దాయన వచ్చి చూస్తాడు. ఆయన సరే అంటే బురుజంతా భూమయ్యే పూస్తాడు, రెండేళ్ల పని. కాదంటే వేరే మేస్త్రీలను తెస్తారు, భూమయ్య మళ్లీ యార్డుకు, బస్తాల దగ్గరికి. యాభై ఏడేళ్ల మనిషికి ఇంకో తాపీ ఎవరిస్తారు? ఇది మా అందరికీ తెలుసు, అందరికంటే ఆయనకు బాగా తెలుసు.

తనిఖీకి వారం ఉందనగా ఆయన నా దగ్గరకు వచ్చి, సీబ్ మార్కెట్టుకు పోయినప్పుడు అయిదు కిలోల బెల్లం, రెండు కిలోల కరక్కాయలు తెచ్చిపెట్టమన్నాడు. బెల్లం పాయసానికి అనుకున్నాను. కరక్కాయలు దగ్గుకు అనుకున్నాను. రెండు కిలోల కరక్కాయలు మింగాల్సినంత దగ్గు లోకంలో ఎవరికి వస్తుంది అని అప్పుడే అడగాల్సింది. బుద్ధి గడ్డి తిన్నది, అడగలేదు. తెచ్చిచ్చాను.

ఆ తర్వాత రెండు రోజులు నాదియా మీటింగుల కోసం ఇబ్రా వెళ్లింది. నమూనా గోడకు చివరి పూత పడింది ఆ రెండు రోజుల్లోనే. పూత ఎంత నున్నగా వచ్చిందంటే ఇక్బాల్ లాంటివాడే వచ్చి చెయ్యి వేసి నిమిరి వెళ్లాడు. మూడో రోజు పొద్దున నేను సామాన్ల లెక్క చూసుకోవడానికి సైటుకు వెళ్తే, ఎర్రచీమలు నేల మీద నుంచి బారుగా గోడ ఎక్కుతున్నాయి. గోడ మీద చీమలకు ఏం పని? మీరు ఇక్కడ కూర్చుని రొట్టెలు తిని చెత్త వేస్తున్నారని ఇక్బాల్ అందరి మీదా అరిచి, మందు చల్లించాడు. నేను మాత్రం భూమయ్య ముఖం చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

నేను తెచ్చిచ్చిన బెల్లం ఎటు పోయిందో అర్థమై నాకు భయమేసింది. ఎందుకంటే మొదటి రోజే నాదియా అందరినీ నిలబెట్టి చెప్పింది: పాత పూతలో ఏముందో అదే ఉండాలి, కొత్తది చిటికెడు కూడా పడకూడదు. ఏది ఎంత కలిపామో రిజిస్టరులో రాస్తాం, రేపు ఎవరో బాగుచేసేటప్పుడు దాన్ని నమ్ముకుంటారు. కెమికల్ ఏదైనా కలిపారో ఇంటికే. ఆ మాట భూమయ్య కూడా విని తలూపాడు. చీమలు కనిపించిన ఆ పొద్దున నేను ఆయన్ను పక్కకు లాక్కెళ్లి నిలదీస్తే, బెల్లం కెమికల్ ఎట్లయితది తమ్మీ అన్నాడు.

నాకు తిక్క రేగింది, తిట్టాను. ఆయన అంతా విని, ఇన్నేళ్లకు నా చేతికి పని ఇచ్చిన గోడ కదా, నా దగ్గరున్న మంచిదేదో దానికి పెట్టాలనిపించింది అన్నాడు. చుట్టానికి ఇంట్లో ఉన్న నెయ్యంతా వడ్డించినట్టు ఆయన ఆ గోడకు బెల్లం వడ్డించాడు. ఇటువంటి మనిషిని ఇంకేం తిడతాం?

చీమలు పోయాయి. నాదియా తిరిగి వచ్చింది, గోడ చూసి సంతోషించింది. ఇక నోరు మూసుకుంటే చాలు, గండం గడిచినట్టే. తనిఖీ మర్నాడు పొద్దున పది గంటలకు.

ఆ మధ్యాహ్నం బురుజు నీడలో అందరం తిండి తింటున్నాం. నాదియా కూడా తన డబ్బా తెచ్చుకుని మెట్టు మీద కూర్చుంది. భూమయ్యకు ఎన్నాళ్లుగానో ఒక సందేహం ఉన్నట్టుంది, అప్పుడు అడిగాడు. ఊళ్లో పని లేక నేనింత దూరం వచ్చాను, మరి ఆ పోర్చుగీసువాళ్లు ఏం లేక వచ్చారు మేడం, వాళ్ల ఊళ్లోనూ సిమెంటు వచ్చిందా అని. అందరూ నవ్వారు.

నాదియా తన పులావులోంచి ఒక మిరియపు గింజ తీసి చూపించి, మొదట దీని కోసం అంది. మిరియం పండేది మీ మలబారులో. అక్కడి నుంచి ఓడల మీద అరబ్బు రేవులకు, ఒంటెల మీద ఎడారి దాటి, మళ్లీ ఓడల్లో ఇటలీకి. చేయి మారినప్పుడల్లా ధర పెరిగేది. యూరప్‌కు పడమటి కొసన ఉన్న పోర్చుగల్‌కు చేరేసరికి గింజ గింజా లెక్కపెట్టుకునే గతి. మధ్యలో ఇన్ని చేతులెందుకు, పండేచోటికి మనమే పోదాం అనుకుని వాళ్లు ఆఫ్రికా చుట్టూ దారి వెతికారు. పక్కింటి స్పెయిన్ ఊరుకుంటుందా? నేను ముందు పోతానని పడమటికి ఓడలు తోలింది. మధ్యలో ఇంకో ఖండమే తగిలింది, బంగారం, వెండి దొరికాయి. అది చూసి డచ్చివాళ్లకూ ఇంగ్లీషువాళ్లకూ ఫ్రెంచివాళ్లకూ నిద్ర పట్టలేదు.

అంత ఆశ దేనికి, సొంత దేశంలో తిండి లేదా అని నేను అడిగాను. ఆశ సగమే, భయం సగం అంది ఆమె. పక్కవాడు ఆ డబ్బుతో ఫిరంగులు కొంటాడు, ఆ ఫిరంగులతో రేపు మన మీదకే వస్తాడు. కాబట్టి వాడికంటే ముందు మనం పోవాలి. పైగా మా మతం వ్యాపింపజేస్తున్నాం అని దేవుడి పేరు కూడా ఓడకెక్కించారు. ఆ భయం నాకు వెంటనే అర్థమైంది. మా ఊళ్లో పక్క చేనువాడు అయిదువందల అడుగుల బోరు వేస్తే మనం ఏడువందలు వేస్తాం. దాహం వేసి కాదు, నీళ్లన్నీ వాడే తోడుకుంటాడని. అలా ఒకరినొకరు చూసుకుని వేసిన బోర్లతోనే మా నేల ఎండింది. ఇంతమంది రాజులు లోకమంతా తిరిగి చేసింది అదే అయితే, వాళ్లు మా పక్క చేను రెడ్డిగారి కంటే ఏం తెలివైనవాళ్లు?

మన తెలుగునేల ఊసు కూడా వచ్చింది. డచ్చివాళ్లకు తూర్పు దీవుల లవంగాలు, జాజికాయలు కావాలి, ఆ దీవులవాళ్లకు బట్టల మీద మోజు. ఆ బట్టల కోసమే మచిలీపట్నంలో దిగారట. వాళ్ల వెనకే ఇంగ్లీషువాళ్లు. మరి ఈ గుట్ట మీద ఏముంది అని ఒకతను అడిగాడు. గోవా నుంచి గల్ఫ్ మొదట్లోని హోర్ముజ్ దీవికి పోయే దారిలో మస్కట్ మంచి రేవు, తాగే నీళ్లున్నాయి, ఖర్జూరముంది. అందుకే పోర్చుగీసువాళ్లు ఊరు తగలబెట్టి మరీ పట్టుకున్నారు అంది నాదియా. తర్వాత టర్కీవాళ్లు ఓడలేసుకుని రెండుసార్లు దాడి చేసేసరికి పెద్ద కోటలు లేపారు. ఈ సముద్రం మీద తిరిగే ఓడలన్నీ తమ దగ్గర కాగితం కొనుక్కోవాలన్నారు, లేకపోతే సరుకు పోయినట్టే. తరతరాలుగా ఇక్కడ ఓడలు నడిపినవాళ్లను, నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు బతాకా చూపించమన్నారన్నమాట. బతాకా అంటే మా అందరి జేబులో ఉండే ఇక్కడి గుర్తింపు కార్డు. ఆ మాటకు మా వాళ్లెవరూ నవ్వలేదు.

ఎవరేమన్నా వాళ్లు గట్టిగా కట్టారు, మేలే జరిగింది అన్నాడు ఇక్బాల్. నాదియా డబ్బా మూత పెట్టింది. కోపం రాలేదు కానీ గొంతు మారింది.

"మేలు చేస్తున్నామనే వాళ్లూ రాసుకున్నారు. గుజరాత్ వ్యాపారులు అడిగి వచ్చారు, వాళ్ల పిల్లలు ఇప్పటికీ మస్కట్‌లోనే ఉన్నారు. అడిగినవాళ్లకు ఈ రేవు ఎప్పుడూ లేదనలేదు. మేలో కీడో తర్వాత సంగతి భయ్యా, మా గోడకు ఏం కావాలో వాళ్లు మమ్మల్ని అడగలేదు."

భూమయ్య చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. కాసేపటికి దాన్ని తిరిగి పళ్లెంలో పెట్టి, లేచి చేయి కడుక్కున్నాడు. అన్నం వదిలేయడం ఆయన ఇంటావంటా లేదు.

మర్నాడు పొద్దున బస్సు సీబ్ దాటాక నా వైపు తిరిగి, మేడంకు చెప్పేస్తానన్నాడు. బస్సులో అందరూ ఉన్నారు, అరిచేందుకు లేదు, గొంతు తగ్గించి బతిమాలాను.

"నీకు దండం పెడ్తా అన్నా, ఊరకుండు. రెండు గంటలు నోరు మూసుకుంటే రెండేండ్ల పని. పెద్దాయన చూస్తాడు, సరే అంటాడు, పోతాడు. గోడేమన్నా సాక్ష్యం చెప్తాదా?"

"గోడ చెప్పది తమ్మీ. గని నిన్న మేడం చెప్తుంటె నాకు నా సంగతే చెప్పినట్టయింది. మంచిదే పెడుతున్న అనుకున్న. ఎవర్ని అడిగిన? వాళ్ల ఇంటికొచ్చి, వాళ్ల గోడల నా ఊరు పోసిన. తాపీ పోతె పోనీ."

అది పోతే ఎంత నష్టమో తెలియక అన్న మాట కాదు.

సైటుకు దిగగానే నేరుగా నాదియా దగ్గరకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. బెల్లం ఎంత, కరక్కాయ ఎంత, ఏ పూతలో, ఏ రోజు. ఎందుకు చాచా అని ఆమె ఒక్క మాట మాత్రం అడిగింది. ఇక్బాల్ ఊరుకోలేదు, అందరి ముందూ ఆయన చేతిలోంచి తాపీ లాక్కుని, పోయి నీళ్లు మోయమన్నాడు. భూమయ్య డబ్బా తీసుకుని పోయాడు. ఆ పూత చెక్కేయడానికి వ్యవధి లేదు. పది కాకముందే ఆఫీసు కారు గుట్ట కింద ఆగింది.

పెద్దాయన నిజంగానే పెద్దవాడు, పాదాలదాకా తెల్ల దిష్‌దాషా అంగీ, చేతిలో కర్ర. గోడను చూసి, వేలి గోటితో గీరి, బాగుందన్నాడు అరబ్బీలో. నాదియా అప్పుడైనా ఊరుకోవచ్చు. బాగుందన్న మాట వచ్చేసింది కదా. ఆమె ఊరుకోలేదు, జరిగిందంతా ఆయనకు చెప్పింది. భూమయ్యను పిలిపించారు. తడిసిన చొక్కాతో వచ్చి నిలబడ్డాడు. ఎవరు నేర్పారు ఇది అని పెద్దాయన అడుగుతుంటే నాదియా ఉర్దూలోకి మార్చి చెప్పింది.

"మా నాయిన నేర్పిండు సారు. మా దిక్కు గట్లనే చేస్తరు. గని ఇది మా గోడ కాదు. మిమ్ముల అడగాల్సింది, అడగలే. తప్పు నాదే."

బెల్లం ఎక్కడిది అని కూడా అడిగారు. బజార్ల కొన్న అన్నాడు. కొన్నది నేను. నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను, నోరు పెగల్లేదు. ఆయన నా పేరు ఎత్తలేదు. ఆ రోజు నా ఉద్యోగం కాచింది ఆయన, ఆ రుణం మాటల్తో తీరేది కాదు. ఇప్పుడిలా రాస్తే కొంచెం సిగ్గు తగ్గుతుందని రాస్తున్నాను.

పెద్దాయన సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. పూతంతా చెక్కేయాలి అన్నాడు. నాదియా తలూపింది, భూమయ్య కూడా తలూపాడు. పది రోజుల్లో మళ్లీ పూసి చూపించాలి అన్నాడు. కొత్త మేస్త్రీని రప్పిస్తాను సార్ అని ఇక్బాల్ ముందుకొచ్చాడు. పెద్దాయన అతని చేతిలో ఉన్న తాపీ అడిగి తీసుకున్నాడు. తర్వాత అరబ్బీలో నెమ్మదిగా ఏదో అన్నాడు. నాదియా భూమయ్య వైపు తిరిగి ఉర్దూలోకి మార్చి చెప్పింది.

"చాచా, ఆయన అంటున్నారు... ఆ పోర్చుగీసువాళ్లు ఈ ఒడ్డున నూట నలభై ఏళ్లకు పైగా ఉన్నారు. తరిమితే పోయారు. తప్పు మాదే, మిమ్మల్ని అడగాల్సింది అని వాళ్లలో ఒక్కరు కూడా అనలేదు. ఈ గోడ దగ్గర నిలబడి ఆ మాట అన్నది నువ్వే."

ఆమె చెప్పడం అయ్యాక పెద్దాయన తాపీని భూమయ్య వైపు చాచాడు. భూమయ్య తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నాడు. భూమయ్య ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.